శిబిరం తెరిచే తేదీ కన్నా ముందు, మూసే నిబంధన రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మార్చి దాటగానే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వీధుల్లో వేసవి శిబిరాల కరపత్రాలు మొదలవుతాయి. చిత్రలేఖనం, సంగీతం, చదరంగం, ఆటలు, వాటన్నిటి కన్నా ముఖ్యంగా తెలుగు. ఒడియా మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు దిద్దే వీలు దొరికేది ఈ సెలవుల్లోనే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన మా పర్లాకిమిడిలో తెలుగు కోసం సెలవుల దాకా ఆగాల్సి రావడం ఎంత బాధాకరమో మరో ఉత్తరంలో రాస్తాం. ఈ ఉత్తరం మహమ్మారి రోజుల్లో ఆ శిబిరాలను తెరవాలా వద్దా అన్నది ఎవరు, దేన్ని చూసి, ఎప్పుడు తేల్చాలన్న దాని గురించి.

2020, 2021 వేసవుల్లో శిబిరాలు మూతపడ్డాయి. 2022లో తెరుచుకున్నాయి. పైనుంచి ఉత్తర్వు వచ్చిందని మూశారు, ఉత్తర్వు ఎత్తేశారని తెరిచారు. మా హాలుకు కిటికీలెన్ని, మా పిల్లలు ఏ ఊళ్ళ నుంచి వస్తారు, ఒకరికి జ్వరమొస్తే ఏ గదిలో పడుకోబెడతాం అని ఎవరికి వారు కూర్చుని లెక్క చూసుకున్న నిర్వాహకులు చాలా తక్కువ. మళ్ళీ ఒక మహమ్మారి ఏప్రిల్లో మొదలైతే ఆలోచించుకోవడానికి పది రోజుల వ్యవధి కూడా ఉండదు. అప్పటికే హాలుకు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు, ఫీజులు వసూలై ఉంటాయి. కాబట్టి ఏ జబ్బూ లేని ఇప్పుడే ఈ లెక్క రాసి పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఆ జబ్బు ఎలా అంటుతుందన్నది. కోవిడ్ సోకాక లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు, మధ్యస్థంగా 5 రోజులు పట్టేది. లక్షణాలకు రెండు రోజుల ముందు నుంచే ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. ఫ్లూ అయితే 1 నుంచి 4 రోజుల్లోనే బయటపడుతుంది, పిల్లల గుంపుల్లో మరీ వేగంగా పాకుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ మహమ్మారి వచ్చినప్పుడు పిల్లలు, యువకులే ఎక్కువగా జబ్బు పడ్డారు, అరవై అయిదు దాటినవాళ్ళకు తక్కువగా సోకింది. కోవిడ్‌లో ఇది తారుమారైంది. పిల్లలకు చాలావరకు తేలిగ్గా పోయింది, వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిన జబ్బు తాతయ్యల, నాయనమ్మల ప్రాణం మీదికి వచ్చింది. రేపు వచ్చేది కలరా లాంటి నీటి జబ్బయితే కిటికీల సంగతి పక్కన పెట్టి నీళ్ళ ట్యాంకు, వంటపాక, మరుగుదొడ్డి చూసుకోవాలి. పాత మహమ్మారికి రాసుకున్న కాగితాన్ని కొత్త జబ్బుకు అలాగే అంటించేయకూడదని చెప్పడానికే ఇదంతా. ఇకపై చెప్పేది కోవిడ్ లాగా గాలి ద్వారా అంటే జబ్బు గురించి.

పిల్లల శిబిరాల విషయంలో మన దగ్గర అచ్చయిన లెక్కలు లేవు. అమెరికాలో 2020 వేసవిలో జరిగిన రెండు అనుభవాలు మాత్రం పక్కపక్కన పెట్టి చదవాల్సినవి. మొదటిది జార్జియా రాష్ట్రంలో పిల్లలు రాత్రి కూడా ఉండిపోయే శిబిరం. జూన్ 17 నుంచి 20 దాకా సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, 21న పిల్లలు వచ్చారు. వచ్చే ముందు అందరూ పరీక్ష చేయించుకుని నెగెటివ్ కాగితం చూపించాలన్నారు. అయితే ఆ పరీక్ష 12 రోజుల కిందటిదైనా ఒప్పుకున్నారు. సిబ్బంది గుడ్డ మాస్కులు పెట్టుకున్నారు, పిల్లలకు ఆ నియమం లేదు. గదుల కిటికీలూ తలుపులూ గాలి కోసం తెరిచి పెట్టలేదు. రోజూ గొంతెత్తి పాటలు, కేరింతలు. 22 సాయంత్రం టీనేజీ వయసున్న ఒక సిబ్బందికి చలి పుట్టింది, 23న ఇంటికి వెళ్ళిపోయాడు, 24న పాజిటివ్ అని తేలింది. ఆ రోజు నుంచే పిల్లల్ని ఇళ్ళకు పంపడం మొదలుపెట్టి 27న శిబిరం మూసేశారు. ఆ రాష్ట్రం నుంచి హాజరైన 597 మందిలో 344 మంది పరీక్ష ఫలితాలు దొరికాయి. వాళ్ళలో 260 మందికి పాజిటివ్. పరీక్ష ఫలితం తెలియనివాళ్ళను కూడా కలిపి లెక్కేసినా 6 నుంచి 10 ఏళ్ళ పిల్లల్లో సగం మందికి పైగా సోకింది.

రెండోది మెయిన్ అనే రాష్ట్రంలోని నాలుగు శిబిరాలది. అవీ రాత్రి బసవే. దేశంలోని 41 రాష్ట్రాల నుంచీ, కొన్ని బయటి దేశాల నుంచీ వచ్చిన పిల్లలూ సిబ్బందీ కలిసి 1,022 మంది. వచ్చేముందు 10 నుంచి 14 రోజులు ఇంటిపట్టున ఉండాలి, బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు పరీక్ష, వచ్చాక 4 నుంచి 9 రోజుల మధ్య మళ్ళీ పరీక్ష. పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా విడదీసి, ఒక గుంపు ఇంకో గుంపుతో కలిసినప్పుడు మాస్కు, ఎడం పాటించారు. ముగ్గురికి పాజిటివ్ వచ్చింది, ముగ్గురికీ లక్షణాలు లేవు. వాళ్ళను వెంటనే విడిగా ఉంచి, వాళ్ళ గుంపుల్ని ఆపేశారు. వాళ్ళ నుంచి మరొక్కరికి కూడా పాకలేదు.

దేశం ఒకటే, వేసవి ఒకటే, జబ్బూ ఒకటే. తేడా పరీక్ష ఉందా లేదా అన్న దానిలో లేదు, అది రెండు చోట్లా ఉంది. జార్జియాలో అది ఒక్కసారి, పాతబడిన కాగితం. పన్నెండు రోజుల కిందటి నెగెటివ్ చెప్పేది ఆ రోజు సంగతే. సోకిన మొదటి మూడు నాలుగు రోజుల్లో ఆర్‌టీపీసీఆర్ కూడా చాలామందిలో పట్టుకోలేదు. లక్షణాలు మొదలైన రోజున చేసినా నూటికి 38 మందిని అది వదిలేస్తుందని 2020లో వచ్చిన ఒక విశ్లేషణ లెక్కగట్టింది. మెయిన్‌లో పట్టుకున్నది రెండో పరీక్ష. ఆ పట్టుకున్నదాన్ని కట్టడి చేసింది చిన్న గుంపు.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. దీనికి డాక్టరు అవసరం లేదు, ఫోన్లో కాలిక్యులేటరు చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లాలో సుమారు 5 లక్షల 78 వేల మంది. ఒక వారంలో జిల్లాలో 58 కొత్త కేసులు నమోదయ్యాయనుకుందాం. లక్షకు 10 అన్నమాట. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో బడుల కోసం వాడిన కొలబద్దలో వారానికి లక్షకు 10 లోపైతే తక్కువ, 49 దాకా మధ్యస్థం, 50 నుంచి 99 ఎక్కువ, 100 దాటితే తీవ్రం. 58 కేసులు అంటే పత్రికలో చదివేవాళ్ళకు ఏమీ లేనట్టే అనిపిస్తుంది. కానీ సోకిన మనిషి సుమారు పది రోజులు అంటించగలడనుకుంటే ఏ రోజున చూసినా లక్షకు 14 మంది ఆ స్థితిలో ఉంటారు. ఇది నమోదైనవాళ్ళ సంగతి. 2020 ఆగస్టులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన రెండో సెరో సర్వేలో, అంటే రక్త పరీక్షలతో ఎంతమందికి సోకిందో చూసే సర్వేలో, నమోదైన ఒక్కో కేసుకూ 26 నుంచి 32 మందికి నిజంగా సోకినట్టు తేలింది. మనం కాస్త తగ్గించి 20తో గుణిద్దాం. లక్షకు 285, అంటే దాదాపు 350 మందికి ఒకరు.

60 మంది పిల్లలు, 10 మంది పెద్దవాళ్ళు ఉన్న శిబిరంలోకి మొదటి రోజే ఆ ఒకరు నడిచి వచ్చే అవకాశం ఎంత? 349ని 350తో భాగించి, వచ్చిన దాన్ని 70వ ఘాతానికి పెంచి, 1లోంచి తీసేయండి. 18 శాతం వస్తుంది. పది మంది పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళ చిన్న గుంపుకైతే మూడున్నర శాతం లోపు. కేసులు లక్షకు 50కి పెరిగాయా, 70 మంది శిబిరానికి అది 63 శాతం అవుతుంది, 12 మంది గుంపుకు 16. ఒక మెలిక ఉంది. 60 మందిని ఆరు గుంపులు చేసినంత మాత్రాన జబ్బు గుమ్మం దాటి వచ్చే అవకాశం తగ్గదు, అది 70 మందికి లెక్కించిందే. వచ్చాక అది 70 మందిని చేరుతుందా, 12 మంది దగ్గరే ఆగుతుందా అన్నది మాత్రం గుంపు తేలుస్తుంది. కొందరు నిర్వాహకులు గుంపులు చేశాం కాబట్టి భయం లేదంటారు, ఇంకొందరు ఎలాగూ వచ్చేదే కదా అని గుంపులే చేయరు. ఇద్దరి పొరపాటూ ఇక్కడే.

ఏ జిల్లా అంకె తీసుకోవాలన్నది సరిహద్దు ఊళ్ళకే ఉన్న చిక్కు. పర్లాకిమిడి శిబిరానికి పాతపట్నం, మెళియాపుట్టి పిల్లలు వస్తారు, గుణుపురం రైల్లో కాశీనగర్ వాళ్ళు దిగుతారు. మహేంద్రతనయకు అవతల ఆంధ్ర లెక్కలు, ఇవతల ఒడిశా లెక్కలు. పిల్లలు వచ్చే ప్రతి జిల్లా అంకెనూ తీసుకుని, అందులో పెద్దదాన్నే శిబిరం అంకెగా పెట్టుకోవాలి. సగటు తీయకూడదు. అంకె చిన్నగా ఉన్న చోట పరీక్షలు చేస్తున్నారా లేదా అన్నదీ చూడాలి. వంద పరీక్షల్లో 5 కన్నా ఎక్కువ పాజిటివ్ వస్తుంటే కేసులు తక్కువని నమ్మకండి, కనిపించనివే ఎక్కువ. 2021 ఏప్రిల్లో కేంద్రం స్థానిక కట్టడికి పెట్టిన గీత 10 శాతం పాజిటివ్, లేదా ఆసుపత్రి పడకల్లో 60 శాతం నిండడం. ఆ గీత దాటిన జిల్లా నుంచి ఒక్క పిల్లవాడు వస్తున్నా ఆ వారం శిబిరం తెరవకూడదని మా ఖచ్చితమైన అభిప్రాయం. అక్కడి నుంచి వచ్చేవాళ్ళను ఆపి మిగతావాళ్ళతో నడపొచ్చు కదా అంటారు. నది దాటి అటూ ఇటూ పెళ్ళిళ్ళు, సంతలు, చుట్టరికాలు ఉన్న చోట పిల్లవాణ్ణి ఒక్కణ్ణి ఆపితే జబ్బు ఆగదు.

నిబంధనలు కూడా రెండు. 2021 మే 5న, ఒకే రోజున, ఒడిశాలో లాక్‌డౌన్ మొదలైంది, ఆంధ్రలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ మొదలైంది. అలాంటి రోజున శిబిరం ఒక రాష్ట్రంలో, పిల్లవాడి ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉంటే సాయంత్రం నాలుగింటికి వాణ్ణి ఎవరు, ఏ కాగితంతో దాటించాలి? రాత్రి బస శిబిరమైతే ఈ ప్రశ్నకు జవాబు ముందే రాసి ఉండాలి. పాతపట్నం పిల్లవాడికి పర్లాకిమిడిలో పరీక్ష చేసి పాజిటివ్ అని తేలితే ఆ కబురు తనంతట తానే నది అవతలికి వెళ్తుందనుకోవద్దు. నిర్వాహకులే అటువైపు పీహెచ్‌సీకి ఫోను చేసి చెప్పాలి. ఆ నంబర్లు ప్రవేశ పత్రం మీదే ఉండాలి. పత్రంలో పిల్లవాడి ఊరు, మండలమో బ్లాకో, ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఉన్నారా, ఎవరికైనా షుగరు, కిడ్నీ, గుండె జబ్బు ఉందా, ఏ ఆటోలో ఎవరి పక్కన కూర్చుని వస్తాడు అన్నవి రాయించుకోవాలి. ఆటో వివరాలెందుకని నవ్వుతారు గానీ, శిబిరంలో గుంపులు ఎంత చక్కగా విడదీసినా నాలుగు గుంపుల పిల్లలు ఒకే మ్యాజిక్ బండిలో మోకాళ్ళ మీద కూర్చుని వస్తే ఆ గుంపులు ఉత్త కాగితం మీదివే. గుంపును ముందు ఊరిని బట్టి, బండిని బట్టి కట్టాలి, వయసును బట్టి తర్వాత. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వయసు తేడా ఉన్నా ఒకే గుంపులో ఉండాలి.

రాత్రి బస గురించి మొహమాటం లేకుండా చెబుతాం. మహమ్మారి నడుస్తున్నప్పుడు మొదట వదులుకోవాల్సింది అదే. పగలు ఆరుబయట నాలుగు గంటలు కలిసి ఉండడం వేరు, మూసిన గదిలో ఎనిమిది గంటలు ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ పడుకోవడం వేరు. పరీక్ష ఫలితం 48 గంటల్లోపు చేతికి రాని జిల్లాలో, జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి విడిగా ఉంచడానికి ప్రత్యేక మరుగుదొడ్డి ఉన్న గది లేని చోట, మెయిన్‌లో లాగా వచ్చాక రెండోసారి పరీక్ష చేయించే శక్తి లేని నిర్వాహకులు రాత్రి బస పెట్టకూడదు. ఈ మూడూ ఉన్నవాళ్ళు పెట్టదలిస్తే తలకూ తలకూ మధ్య ఆరడుగులు, ఒకరి తల వైపు పక్కవాడి కాళ్ళు, రాత్రంతా తెరిచిన కిటికీలు, వాటితో పాటు దోమతెరలు. ఇవి మలేరియా జిల్లాలు, కిటికీ తెరిచి దోమతెర మరిచిపోతే ఇంకో ప్రమాదాన్ని పిలిచినట్టే.

పగటి శిబిరానికి మన దగ్గర అసలు శత్రువు ఎండ. అమెరికా సలహాల్లో అన్నీ బయట చేయండి అని తేలిగ్గా రాసేస్తారు. గజపతి, రాయగడ ఎండల్లో పదకొండు తర్వాత పిల్లల్ని బయట ఉంచితే కోవిడ్ కన్నా ముందు వడదెబ్బ తగులుతుంది. అందుకని వేళలు మార్చుకోవాలి. ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా మామిడి తోటలోనో, చింతచెట్ల కిందనో ఆటలు, పాటలు, గట్టిగా చదివించే తెలుగు పాఠం. పాట, పద్యం, ఏకకంఠంగా ఎక్కాలు అప్పజెప్పడం, ఇవన్నీ గొంతెత్తి చేసేవి కాబట్టి చెట్టు కిందే జరగాలి. రాత, బొమ్మలు, చదరంగం లాంటి నోరు మెదపని పనులకు పది దాకా వరండా. పదిన్నరకల్లా పిల్లలు ఇంట్లో ఉండాలి. మధ్యాహ్నం బ్యాచ్ పెట్టడం దండగ. సాయంత్రం కావాలంటే అయిదు తర్వాత గంటన్నర.

లోపలికి వెళ్ళక తప్పని పరిస్థితిలో గది గురించి తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి ఒక్క గుక్క కూడా తీసుకురాదు. చల్లగా ఉంది కదా అని కల్యాణ మండపం ఏసీ హాలు మాట్లాడుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. నీళ్ళ కూలర్ సంగతి వేరు. దాన్ని కిటికీ బయట బిగించి ఎదురుగా ఉన్న కిటికీలు తెరిచి పెడితే బయటి గాలినే లోపలికి తోస్తుంది, అది మంచిదే. అదే కూలర్‌ను గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే లోపలి గాలే తిరుగుతుంది, పైగా గంటలో ఉక్కపోత. సీలింగ్ ఫ్యాను గాలిని కదుపుతుంది, మార్చదు. ఒక స్టాండు ఫ్యానును కిటికీ దగ్గర బయటికి తిప్పి పెట్టి, ఎదుటి గోడ కిటికీ తెరవండి, గదిలో గాలి బయటికి లాగబడుతుంది. ఫలితం ఎలా ఉందో చూడాలంటే అగరుబత్తి వెలిగించి గది నడుమ పట్టుకోండి. పొగ ఒక వైపుకు సాగి బయటికి పోతుంటే సరే, పిల్లల తలల మీద గుండ్రంగా తిరుగుతూ నిలిచిపోతే ఆ గది పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనగలిగితే ఇంకా నయం. బయట గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 420) చుట్టుపక్కల ఉంటుంది, పిల్లలున్న గదిలో 800 దాటకుండా చూసుకోవాలి. దాటిందంటే పిల్లల్ని తగ్గించాలి, లేదా బయటికి తీసుకెళ్ళాలి. 20 అడుగులు, 30 అడుగుల గదిలో ఒక్కొక్కరికి ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చోటు ఇస్తే 15 మంది పడతారు. మన దగ్గర అలాంటి గదిలో నలభై మందిని కూర్చోబెడతారు.

డబ్బంతా తప్పు చోట ఖర్చయ్యేది ఇంకోటి ఉంది. వీపున డబ్బా తగిలించుకుని బెంచీల మీదా, గోడల మీదా బ్లీచింగ్ నీళ్ళు చల్లించడం. పట్టుకున్న వస్తువుల ద్వారా కోవిడ్ సోకే అవకాశం ప్రతి తాకిడికీ పదివేలలో ఒకటి కన్నా తక్కువని సీడీసీ 2021 ఏప్రిల్లోనే చెప్పింది. చేతులు కడుక్కోవడం మంచిదే, దానికి సబ్బూ నీళ్ళూ చాలు. చల్లే మనిషి కూలి డబ్బులతో రెండు స్టాండు ఫ్యాన్లు వస్తాయి.

గుంపులు తెగిపోయేది మూడు చోట్ల. నీళ్ళ కుండ దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, తిండి దగ్గర. ఒక్కో గుంపుకు ఒక కుండ, పిల్లవాడికి ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత గ్లాసో సీసానో ఉండాలి. మరుగుదొడ్డికి వేళలు పెట్టడం పిల్లలతో కుదరదు, కాబట్టి గుంపుకొకటి కేటాయించలేకపోతే కనీసం తలుపు బయట వరస కట్టకుండా ఒక పెద్దమనిషిని నిలబెట్టాలి. తిండి వేళ మాస్కులు తీసేస్తారు, ఎదురెదురుగా కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. కాబట్టి పంక్తి ఒక్క వైపే, చెట్టు కింద, గుంపు గుంపుకీ మధ్య పది అడుగులు. అడ్డాకుల విస్తళ్ళు మనకు కొదవ లేదు, కంచాలు కడిగే గుంపు తగ్గుతుంది. ఉదయం శిబిరానికి భోజనం అసలు అక్కర్లేదు, ఒక గ్లాసు చోడి అంబలి, ఒక అరటిపండు చాలు. వీటన్నిటికన్నా పెద్ద చిల్లు పెద్దవాళ్ళే. ఆరు గుంపులకూ తిరిగి పాట నేర్పే ఒక్క సంగీతం మాస్టారు ఆరు గుంపుల్నీ ఒక్కటి చేసేస్తారు. ఆయన రోజుకు ఒక్క గుంపుకే చెప్పాలి, లేదా ఎడంగా నిలబడి ఎన్‌95 పెట్టుకుని చెప్పాలి. వంటమనిషి, కుర్చీలు సర్దే కుర్రాడు, ఫొటోలు తీసే మనిషి కూడా ఈ లెక్కలోకి వస్తారు. జార్జియాలో మొదట చలి పుట్టింది సిబ్బందికని గుర్తుంచుకోవాలి. టీకా ఉన్న జబ్బయితే టీకా పూర్తికాని పెద్దవాళ్ళకు శిబిరంలో పని ఇవ్వకూడదు.

మాస్కు విషయంలో అయిదేళ్ళ దాకా వద్దు, ఆరు నుంచి పదకొండు దాకా పెద్దవాళ్ళు చూస్తుండగా, పన్నెండు నిండితే పెద్దల్లాగే. ఇది 2020లో డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ చెప్పినది. పరుగులు తీసే ఆటలో ఎవరికీ వద్దు. చెమటకు తడిసిన మాస్కు ఊపిరి ఆడనివ్వదు, పనీ చేయదు. కాబట్టి ప్రతి పిల్లవాడికీ రోజుకు రెండు ఉండాలి.

జ్వరం చూసే తుపాకీ మీద జనానికి ఉన్న నమ్మకం మాకు లేదు. లక్షణాలు లేకుండా అంటించేవాణ్ణి అది పట్టుకోదు. పైగా ఎండలో నడిచి వచ్చిన పిల్లవాడి నుదురు వేడెక్కి ఉంటుంది. గేటు దగ్గర చూస్తే సగం మందికి జ్వరమే అంటుంది, విసుగొచ్చి మూడో రోజు నుంచి చూడడమే మానేస్తారు. నీడలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చూడాలి. 100.4 దాటితే చంకలోనో నోట్లోనో మామూలు థర్మామీటరుతో సరిచూడాలి. ఇంకో పావుగంట నీడలో ఉంచి, లీటరు నీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపి కొద్దికొద్దిగా తాగించి మళ్ళీ చూడండి. దిగిపోతే ఎండ వేడి కావచ్చు, అయినా ఆ రోజుకు ఇంటికి పంపేయాలి. దిగకపోతే విడి చోటుకు. 104 దాటి, మాట తడబడుతుంటే ఏ పరీక్ష కోసమూ ఆగకూడదు. ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోను చేయాలి, అది వడదెబ్బ. జ్వరం దిగని పిల్లవాడికి కోవిడ్ పరీక్షతో పాటు మలేరియా కిట్ పరీక్ష కూడా చేయించాలి. ఆశా దీదీ దగ్గర ఆ కిట్ ఉంటుంది. మహమ్మారి రోజుల్లో ప్రతి జ్వరాన్నీ ఒకే జబ్బనుకుంటే మలేరియా పిల్లవాడు చేజారిపోతాడు.

ఇక మూసే నిబంధన. దీన్ని శిబిరం మొదలయ్యే ముందే రాసి, తల్లిదండ్రుల సంతకం తీసుకుని, గేటుకు అంటించాలి. ఒక గుంపులో ఒకరికి పాజిటివ్ వస్తే ఆ గుంపు మొత్తం అదే రోజు ఇంటికి, జబ్బును బట్టి ఏడు నుంచి పది రోజులు. మిగతా గుంపులు నడవొచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుంపుల్లో కేసులు వస్తే అప్పటికే అది మనకు కనిపించని దారిలో తిరుగుతోందని అర్థం, శిబిరం మూసేయాలి. పిల్లలు వచ్చే ఏ జిల్లాలోనైనా కేసులు వారం తిరిగేసరికి రెట్టింపైతే, అంకె ఇంకా చిన్నదే అయినా, మూసేయాలి. చేయాలా వద్దా అని మీటింగు పెట్టకూడదు. ఎవరు మూయాలో ఒక్క మనిషి పేరు రాసి ఉండాలి. ఆ మనిషి ఫీజు డబ్బులతో సంబంధం లేని మనిషై ఉండాలి.

డబ్బు మాట అందుకే ఎత్తుతున్నాం. జబ్బు దాచిపెట్టడం చెడ్డవాళ్ళు మాత్రమే చేసే పని కాదు. ఫీజు తిరిగిస్తే షామియానా వాడికీ, బండి వాడికీ ఇచ్చిన అడ్వాన్సులు పోతాయన్న భయం మంచివాళ్ళ చేత కూడా రెండు రోజులు చూద్దాంలే అనిపిస్తుంది. జార్జియాలో మొదటి పాజిటివ్ తెలిసినప్పటి నుంచి గేటు మూసేదాకా మూడు రోజులు పట్టింది. కాబట్టి మహమ్మారి ఏడాదిలో ఫీజు ఒకేసారి తీసుకోకూడదు. వారం వారం తీసుకోవాలి. హాలు, బండి ఒప్పందాల్లో శిబిరం మూస్తే ఎంత తిరిగిస్తారో ముందే రాసుకోవాలి. తల్లిదండ్రులకూ ఇది చెప్పాలి. పిల్లవాడికి దగ్గు ఉందని చెప్పి మాన్పిస్తే ఆ వారం డబ్బు తిరిగి వస్తుందని తెలిస్తే, మాత్ర వేసి పంపే తల్లి మానుకుంటుంది.

ఇంటికి పంపాక ఏం చేయాలో చెప్పే కాగితం పిల్లవాడి చేతిలో పెట్టాలి, తెలుగులోనూ ఒడియాలోనూ. తాత పక్కన పడుకోకూడదు, వరండాలో పడుకోవాలి, విడి గ్లాసు వాడాలి. అయిదో రోజున పరీక్ష, ఈలోపు జ్వరం వస్తే ఏ నంబరుకు చేయాలి. నాలుగు వాక్యాలు చాలు.

ఇంత తంటా ఎందుకు, మహమ్మారి ఏడాదిలో శిబిరాలు మూసేస్తే పోలేదా అని అడిగేవాళ్ళకు మా జవాబు ఇది. 2021 ఆగస్టులో ఒడిశాతో సహా 15 రాష్ట్రాలు, కేంద్ర పాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల బడిపిల్లల మీద చేసిన సర్వేలో పల్లె పిల్లల్లో 8 శాతం మందే క్రమం తప్పకుండా ఆన్‌లైన్ పాఠాలు వింటున్నారు, 37 శాతం మంది అసలు చదవడమే లేదు. ఒడియా మీడియం బడి కూడా మూతపడిన చోట తెలుగు సంగతి వేరే చెప్పక్కర్లేదు. మూసిన ప్రతి వేసవికీ ఒక వరస పిల్లలు అక్షరాలు లేకుండా దాటిపోతారు. పది మంది పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక మామిడి చెట్టు, ఉదయం మూడున్నర గంటలు. కేసులు లక్షకు 50 లోపు ఉన్నంత కాలం, పాజిటివ్ 5 శాతం లోపు ఉన్నంత కాలం ఇది నడపగలిగినదే, నడపాల్సినదే. లక్షకు 50 దాటితే ఆగాలి. అరవై మంది ఏసీ హాలు శిబిరం 10 దగ్గరే ఆగిపోవాలి.

సంపాదకులకు ఒక విన్నపం. మహమ్మారి రోజుల్లో పత్రికలు కేసుల్ని రాష్ట్రాల వారీగా అచ్చు వేస్తాయి. ఇక్కడివాళ్ళకు ఒడిశా మొత్తం, అక్కడివాళ్ళకు ఆంధ్ర మొత్తం. పర్లాకిమిడి తల్లికి భువనేశ్వర్ అంకె పనికిరాదు, విజయవాడ అంకె కూడా పనికిరాదు. ఆమెకు కావాల్సినవి గజపతి, శ్రీకాకుళం, రాయగడ, గంజాం. ఈ నాలుగు జిల్లాల్లో గడిచిన ఏడు రోజుల కొత్త కేసులు లక్ష జనాభాకు ఎన్ని, చేసిన పరీక్షలెన్ని, అందులో నూటికి ఎన్ని పాజిటివ్, నిండిన పడకలెన్ని అన్నవి వారానికి ఒకసారి, ఆదివారం, ఒకే పెట్టెలో పక్కపక్కన అచ్చు వేయండి. అవసరం మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక ఆ పెట్టె నమూనా ఇప్పుడే సిద్ధం చేసి ఉంచమని కోరుతున్నాం.

ఇట్లు,
పిల్లల ఆరోగ్యం, వేసవి శిబిరాల నిర్వహణ చూసే కొందరం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా